మూల నుంచి మూలకి

చిట్టీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. చిట్టి అక్షరాలు కుదురుకున్నాయి. బుజ్జిగాడు వేసిన బొమ్మలో నా మీసం అసలుదానికన్నా దట్టంగా ఉంది, సంతోషం.

సంక్రాంతి సెలవుల్లో పెరటివైపు చిన్న గేటు చేయించాం కదా, ఆ రోజంతా మీరిద్దరూ అరుగు దిగలేదు. ఇప్పుడు చిట్టి అడిగింది: "వెల్డింగ్ బాబాయి అడ్డం మూడడుగులు కొలిచాడు, నిలువు నాలుగడుగులు కొలిచాడు. నాలుగు పక్కలూ సరిపోయాయి. అయినా ఈ మూల నుంచి ఆ మూలకి ఒకసారి, మళ్ళీ ఇంకో మూల నుంచి దాని ఎదుటి మూలకి ఒకసారి టేపు పట్టాడు. రెండుసార్లూ అయిదడుగులే వచ్చింది. ఎందుకు తాతయ్యా?"

నలభై ఏళ్ళు ఇనుముతోనే అన్నం తిన్నాను. గేటు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు రేటు అడిగారు, రంగు అడిగారు, ఎల్లుండికి ఇస్తావా అని అడిగారు. ఈ మాట ఒక్కరూ అడగలేదమ్మా.

జవాబు మన పెరట్లోనే ఉంది. జామచెట్టు కింద నులక మంచం గుర్తుందా? దాని పట్టెలు కొలిచి చూడు. ఎదురెదురు పట్టెలు సమానంగానే ఉంటాయి. కానీ మంచం ఎక్కి నిలబడి కిందికి చూస్తే ఒక పక్కకి ఒరిగిపోయి కనిపిస్తుంది. బుజ్జిగాడు గెంతినప్పుడల్లా కిర్రుమని ఇంకాస్త ఒరుగుతుంది. ఎంత ఒరిగినా పట్టెల పొడవు వెంట్రుకవాసి మారదు. మారేది మూల నుంచి మూలకి ఉన్న దూరమే. ఒకవైపు సాగుతుంది, రెండోవైపు ముడుచుకుంటుంది. గేటూ అంతే. మన గేటు ఒక్క అంగుళం ఒరిగి ఉంటే ఆ రెండు కొలతలకీ మధ్య తేడా అంగుళం పైనే వచ్చేది. ఒరిగిన సంగతి పక్కలు చెప్పవు, మూలలు చెబుతాయి.

అయితే అయిదు వచ్చాక రెండోసారి ఎందుకని కదా నీ అనుమానం? నిజం చెప్పాలంటే మన గేటుకి ఒకసారి చాలు. ఎదురెదురు పక్కలు సమానమై, మూడూ నాలుగూ ఉన్నచోట మూలకి అయిదు వస్తే మట్టం కుదిరినట్టే. కానీ రేపు ఆ బాబాయి చేసే గేటు మూడడుగుల ఏడంగుళాలకి అయిదడుగుల రెండంగుళాలు ఉంటుంది. మూలకి ఎంత రావాలో తెలియాలంటే వర్గాలు వేసి, కలిపి, వర్గమూలం కట్టాలి. మే నెల ఎండలో ఆ పని ఎవడు చేస్తాడు? రెండు మూలలూ కొలిచి సమానమా కాదా చూసుకుంటే సరి. లెక్క చెయ్యకుండానే లెక్క సరిచూసుకోవడం అన్నమాట. మా పనిలో సగం తెలివి ఇలాంటిదే.

ఆ వర్గాల లెక్కని మీ పుస్తకంలో పైథాగరస్ సిద్ధాంతం అంటారు. మనవైపు యజ్ఞవేదికలు కట్టేవాళ్ళకోసం బౌధాయనుడు కూడా ఈ సంగతే శుల్బసూత్రాల్లో చెప్పాడు. శుల్బం అంటే తాడు. మూల నుంచి మూలకి పట్టిన తాడు మీద ఒక చతురస్రం గీస్తే, అది నిలువు మీదా అడ్డం మీదా గీసిన రెండు చతురస్రాల పెట్టు అవుతుందన్నాడు. మా షాపుల్లో అంగుళంలో ఎనిమిదో వంతుని సూత్ అంటాం. సూత్ అంటే దారమే. ఇనప పని అనుకుంటాం గానీ, దాని లెక్కంతా తాళ్ళూ దారాలూనే!

మళ్ళీ మంచం దగ్గరికి వద్దాం. నులక తడిస్తే ఏమవుతుంది? బిగుసుకుని పట్టెల్ని లోపలికి లాగుతుంది. వెల్డింగు చేసిన చోట కూడా కరిగిన ఇనుము చల్లారుతూ ముడుచుకుని, రెండు ముక్కల్నీ తనవైపు లాక్కుంటుంది. అందుకే బాబాయి ముందు నాలుగు మూలల్లో చిన్న చిన్న టాకులు, అంటే ముక్కలు కదలకుండా పట్టే చుక్కల్లాంటి వెల్డింగు అతుకులు వేశాడు, అప్పుడు టేపు పట్టాడు, సుత్తితో ఒక దెబ్బ వేసి సర్దాడు. పూర్తి వెల్డింగు మాత్రం ఒక మూలలో కాస్త, దాని ఎదుటి మూలలో కాస్త చేసుకుంటూ పోయాడు. ఒకే మూల ముందు నింపేస్తే లాగుడంతా ఒకవైపే పడుతుంది.

ఇంకో చిక్కుంది. మన మంచానికి ఒక కోడు నేలకి ఆనదు, చూశావా? అంటే మెలి తిరిగిందన్నమాట. మూలల కొలతలు సమానంగా వచ్చినా మెలి ఉండొచ్చు. దానికి మందు మళ్ళీ దారమే. ఎదురెదురు మూలలకి రెండు దారాలు బిగించి కట్టు. మధ్యలో అవి ఒకదాన్నొకటి తాకీతాకనట్టు దాటితే చదును. నడుమ సందు కనిపించినా, ఒకటి రెండోదాన్ని ఎత్తి పట్టినా మెలి.

కడ్డీల సంగతి కూడా మంచంతోనే చెబుదామనుకున్నాను. ఇదంతా పక్కన కూర్చుని వింటున్న మీ అమ్మమ్మ, "ఆ మంచాన్ని ఇక వదిలెయ్యండి, మనుషులు పడుకోవాలి" అంటోంది. వదిలేశాను.

గేటు లోపలి వెడల్పు మూడడుగులంటే 914 మిల్లీమీటర్లు. అందులో 12 మిల్లీమీటర్ల కడ్డీలు ఏడు. కడ్డీలు ఏడైతే సందులు ఎనిమిది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఏడుతోనే భాగించి తల గోక్కుంటారు. ఏడు కడ్డీలకి 84 పోతే మిగిలింది 830. ఎనిమిదితో భాగిస్తే ఒక్కో సందు 103 మిల్లీమీటర్ల ముప్పావు. "ముప్పావే కదా, పోనీలే" అని 103 చొప్పున పెట్టుకుంటూ పోయావో, చివరి సందు 109 అవుతుంది. ఆ ఆరు మిల్లీమీటర్లు వచ్చేపోయే ప్రతివాడి కంటికీ తగులుతాయి. అందుకే ఒక కడ్డీ నుంచి పక్క కడ్డీకి కొలవం. టేపు ఒక కొసన పెట్టి, కదపకుండా అన్ని గుర్తులూ ఒకేసారి పెడతాం. చిన్న తప్పుని వెంటేసుకుని నడిస్తే అది దారిలో పెరుగుతుంది, ఇది మీ పరీక్షలకి కూడా వర్తిస్తుందని చెప్పొచ్చు గానీ, మీ నాన్న ఆ ఉపన్యాసాలు చాలానే ఇస్తుంటాడు.

ఇరవై అడుగుల కడ్డీలో నాలుగడుగుల ముక్కలు ఎన్ని వస్తాయో చిట్టి చెప్పగలదు, అయిదు. బాబాయికి మాత్రం నాలుగే వచ్చాయి. కోసే చక్రం ఒక్కో కోతకి మూడు మిల్లీమీటర్ల ఇనుము తినేస్తుంది. నాలుగు కోతలకి పన్నెండు. అయిదో ముక్క అరంగుళం పొట్టిదవుతుంది.

బుజ్జిగాడి ప్రశ్న: తూచకముందే కడ్డీలు ఏడున్నర కిలోలు దాటుతాయని ఎలా చెప్పాడు? కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. పన్నెండు పన్నెండ్లు 144. దాన్ని 162తో భాగిస్తే కిలోకి కాస్త తక్కువ, 0.89. ఏడు కడ్డీలు కలిపి ఎనిమిదిన్నర మీటర్లు. మిగతాది నువ్వే చెయ్యి. ఆ 162 ఏమిటంటావా, ఇనుము బరువునీ గుండ్రం లెక్కనీ కలిపి నూరి చేసిన మాత్ర. ఇప్పటికి మింగు, తొమ్మిదో తరగతిలో విప్పి చూద్దువుగాని.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కమ్మరి తాత బండి చక్రాలకి ఇనప పట్టా వేసేవాడు. బడి ఎగ్గొట్టి కొలిమి దగ్గర కూర్చునేవాణ్ణి. చక్రం అంచున సుద్దతో ఒక గీత పెట్టి, నేలమీద ఒక్క చుట్టు దొర్లించి, గీత మళ్ళీ నేలకి తగిలేదాకా ఎంత దూరమో చూసేవాడు. పట్టాని దానికన్నా కొంచెం తక్కువ చుట్టుకొలతతోనే అతికేవాడు. చక్రానికి పట్టనిది ఎందుకు చేస్తున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత దానిచుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవాడు. కాలిన ఇనుము పెరుగుతుంది. ముగ్గురు మనుషులు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దింపేవాళ్ళు. కర్ర భగ్గుమనేది, వెంటనే కుండల్తో నీళ్ళు. ఆవిరిలో చక్రం ఆకులన్నీ టకటకమంటూ బిగుసుకునే చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆయనకి అక్షరం ముక్క రాదు. ఎంత తక్కువ చెయ్యాలో మాత్రం వేలితో చూపించేవాడు.

ఆ చక్రాల మీది మోజుతోనే పదిహేడో ఏట విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో హెల్పరుగా చేరాను. నీళ్ళ డ్రమ్ము నిలబెట్టడానికి రింగు చెయ్యమన్నారు. లోపలి కొలత, అంటే లోపలి వ్యాసం, రెండడుగులు, పట్టీ మందం 10 మిల్లీమీటర్లు. రెండడుగుల్ని 22తో హెచ్చించి 7తో భాగించి, గర్వంగా కోసుకొచ్చాను. వంచి చూస్తే రెండు కొసలూ కలవలేదు. అంగుళంపావు ఖాళీ!

మేస్త్రీ తిట్టలేదు. "వంచినప్పుడు పట్టీ బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది. మారకుండా ఉండేది నడుము. నడుము కొలత పట్టుకో" అన్నాడు. లోపలి కొలతకి ఒక మందం కలిపి లెక్కెయ్యమని. వేస్తే సరిపోయింది. అప్పుడు ఆయన ఇంకో మాటన్నాడు: "నువ్వు గాజు చేసినా, బండి చక్రానికి పట్టా చేసినా, పది మిల్లీమీటర్ల పట్టీతో ఇదే తప్పు చేస్తే తక్కువయ్యేది అంగుళంపావే."

నేను నమ్మలేదు. గాజెక్కడ, బండి చక్రం ఎక్కడ! ఆ రాత్రి షాపు గచ్చు మీద బొగ్గుతో లెక్క వేశాను. నాలుగు సైజులకి వేశాను. నాలుగుసార్లూ 31 మిల్లీమీటర్లు, కొంచెం. ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు, రెండు వాక్యాల్లో రాయగలను కూడా. రాయను.

మీరు అమ్మ గాజు ఒకటి, స్నానాల గది బకెట్టు ఒకటి తీసుకోండి. గాజు చుట్టూ దారం చుట్టి, పొడవు గుర్తుపెట్టుకోండి. తర్వాత దారాన్ని గాజుకి చుట్టూతా వేలెడు మందం ఎడంగా పట్టి చూడండి, ఎంత దారం అదనంగా పట్టిందో. నేలమీద సుద్దతో వలయం గీసుకుంటే సుళువు. బకెట్టు అంచుకీ అలాగే. బుజ్జీ, రెండుసార్లూ ఒకే వేలు, అది కూడా నీదే పెట్టు, అక్కది కాదు. ఆ రెండు అదనపు దారం ముక్కలూ కత్తిరించి, పక్కపక్కన పెట్టి చూసి, కవర్లో పెట్టి నాకు పంపండి.

ఇంకొకటి. వీధిలో వెల్డింగు జరుగుతుంటే ఆ వెలుగువైపు చూడొద్దు. ఒకసారి చూసి, రాత్రంతా కళ్ళలో ఇసక పోసినట్టు ఏడ్చినవాణ్ణి చెబుతున్నాను.

మంచం బాగు చేయిస్తున్నాను. వేసవికి రండి.

మీ తాతయ్య