సూది కంటే ముందు దారం

"వైజాగ్‌లో మా బావగారు వారానికో సూది వేయించుకుంటున్నారట, పొట్ట తగ్గిపోయిందట. మన దగ్గర దొరుకుతుందా?" ఒడిశాలోని రాయగడలో మందుల షాపు కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న ఇప్పుడు తెలుగులోనూ వినిపిస్తోంది, ఒడియాలోనూ వినిపిస్తోంది. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే రైలు మార్గం మీద ఉన్న ఊరు మాది. పెద్ద జబ్బు చేస్తే వైజాగ్ బండెక్కడం, అక్కడి వైద్యం కబుర్లు చుట్టాల ఫోన్లలో ఇక్కడికి చేరడం మామూలే. చాలాసార్లు ఆ కబుర్లలో సగం గాలి మాటలే ఉంటాయి. ఈ బరువు తగ్గించే సూది (సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనే మందులు) మాత్రం నిజమే, పనిచేసే మాటా నిజమే. ఎవరికి పనికొస్తుందన్న దగ్గరే తికమకంతా.

మనం తిన్నప్పుడు పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇన్సులిన్ ఊరడానికి సాయపడుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకి కబురు పెడుతుంది. చిక్కల్లా, రక్తంలోకి వచ్చాక రెండు నిమిషాల్లోనే అది సగానికి తరిగిపోతుంది. అలాంటిదాన్ని మందుగా ఎలా వాడతారు? 1992లో జాన్ ఎంగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గీలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో దీన్ని పోలిన పదార్థాన్ని పట్టుకున్నాడు. అది అంత త్వరగా విరిగిపోదు. దాని ఆధారంగా చేసిన షుగర్ మందు 2005లో వాడుకలోకి వచ్చింది. తర్వాత వచ్చిన సెమాగ్లూటైడ్‌లో కిటుకు వేరు. మన హార్మోన్‌నే కాస్త మార్చి, దానికి కొవ్వు ఆమ్లపు తోక ఒకటి తగిలించారు. ఆ తోకతో అది రక్తంలోని ఆల్బ్యుమిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని తిరుగుతుంది కాబట్టి సగానికి తరగడానికి వారం పడుతుంది. వారానికి ఒక్క సూది చాలడం అందుకే. టిర్జెపటైడ్ అయితే దీనితోపాటు జీఐపీ అనే మరో పేగు హార్మోన్ పనినీ చేస్తుంది.

2021లో వెలువడిన స్టెప్-1 పరీక్షలో 1,961 మంది పాల్గొన్నారు. సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్ళు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్ళు 2.4 శాతం. 2025లో రెండు మందుల్నీ ముఖాముఖి పోలిస్తే టిర్జెపటైడ్‌తో 20.2 శాతం, సెమాగ్లూటైడ్‌తో 13.7 శాతం తగ్గింది. నాకు వీటన్నిటికంటే బరువైన ఫలితం 2023 నాటి సెలెక్ట్ పరీక్షది. అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉండి, షుగర్ లేని 17,604 మంది లావుపాటి మనుషుల మీద చేశారు. సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. అద్దంలో కనిపించే మార్పు కంటే ఇది పెద్ద మాట.

మన దేశంలోకి టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో వచ్చింది. ఊబకాయానికి వాడే సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో వెగోవీ పేరుతో వచ్చింది. సెమాగ్లూటైడ్ మీద మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. పేటెంట్ పోతే దేశీ కంపెనీలు దిగుతాయి, ధర దిగుతుంది. మా షాపు కౌంటర్ ప్రశ్న వెనకున్న ఆశ అదే.

ఇక ఆ స్టెప్-1 పరీక్షలో ఉన్నవాళ్ళెవరో చూడండి. వాళ్ళ సగటు బరువు 105 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువేనా అని చూసే లెక్క) 38 దగ్గర. మా బజారులో అలాంటి మనిషి కోసం వెతుక్కోవాలి. మా దగ్గర కనిపించేది ఇంకో తరహా. కిరాణా కొట్టులో గల్లా దగ్గర కూర్చునే నలభై ఏళ్ళాయన్ని తీసుకోండి. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, చొక్కా బొత్తాలు మాత్రం పొట్ట దగ్గర పట్టి ఉంటాయి. బీఎంఐ లెక్కేస్తే 24.2. ప్రపంచమంతా వాడే గీత 25 కాబట్టి ఆ లెక్కన ఈయనకి ఏమీ లేదు. మన దేశపు డాక్టర్లు వాడే గీత 23 కాబట్టి ఈ లెక్కన ఈయన దాటేశాడు. నడుము కొలిస్తే 94 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, మగవాళ్ళకి మన హద్దు 90, ఆడవాళ్ళకి 80. అంటే అక్కడా దాటేశాడు. అయినా వీధిలో ఎవరూ ఆయన్ని లావు మనిషి అనరు.

ఈ సంగతిని పుణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ తన ఒంటి మీదే చూపించారు. ఆయనా, బ్రిటన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ అనే డాక్టరూ పక్కపక్కన నిలబడ్డ ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2 శాతం! ఇది పుట్టుకతోనే మొదలవుతుందని యాజ్నిక్ బృందం పుణే చుట్టుపక్కల పల్లెల్లో తేల్చింది. అక్కడి పిల్లలు సగటున 2.7 కిలోలతో పుట్టారు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. మన పసివాళ్ళకి తక్కువైంది కండ, పొత్తికడుపు అవయవాలు. చర్మం కింది కొవ్వు పెద్దగా తగ్గలేదు. పెద్దయ్యాక తిండి పెరిగి నడక తగ్గితే, అదనపు కొవ్వు చర్మం కింద పట్టక కాలేయంలోకి, పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడ చేరిన కొవ్వే ఇన్సులిన్‌ని పనిచేయనివ్వదు. తల్లికి సరైన తిండిలేక బక్కగా పుట్టిన బిడ్డల కథా, నలభైలో షుగర్ వచ్చిన పెద్దల కథా రాయగడ, కొరాపుట్ లాంటి జిల్లాల్లో ఒకే ఇంట్లో నడవడం అందుకే వింత కాదు.

ప్రభుత్వ సర్వేలు చూస్తే మా వైపు ధీమాగా ఉండొచ్చనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, ఒడిశాలో 23 శాతమే. కానీ ఆ లెక్క బీఎంఐ 25 గీత మీద వేసింది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం బరువుతో పాటు నడుమూ కొలిచింది. బీఎంఐ లెక్కన దేశంలో ఊబకాయులు 25.4 కోట్లు, పొట్ట లెక్కన 35.1 కోట్లు. తేడా దాదాపు పది కోట్లు. మా గల్లా పెద్దాయన లాంటివాళ్ళు ఆ తేడాలో ఎంతమందో!

ఇంజెక్షన్ల హడావిడిలో వెనకబడిపోయిన అసలు వార్త 2025 జనవరిలో వచ్చింది. ఫ్రాన్సెస్కో రుబినో అధ్యక్షతన లాన్సెట్ కమిషన్ ఊబకాయాన్ని చూసే తీరునే మార్చమంది. బీఎంఐ ఒక్కటే చూసి తేల్చొద్దు, నడుమో, నేరుగా కొవ్వో కొలవండి. కొలిచాక కూడా రెండుగా విడదీయండి: కొవ్వు ఎక్కువున్నా అవయవాలు బాగున్నవాళ్ళు ఒక వైపు, కొవ్వు వల్ల గుండె, కాలేయం, కీళ్ళు, ఊపిరి దెబ్బతింటున్నవాళ్ళు మరో వైపు. మొదటివాళ్ళకి కనిపెట్టి ఉండటం, రెండోవాళ్ళకి ఆలస్యం లేని వైద్యం. ఇంచుమించు అదే సమయంలో మన దేశపు షుగర్ వైద్య నిపుణుడు అనూప్ మిశ్రా బృందం 2009 నాటి భారతీయ నిర్వచనాన్ని సవరిస్తూ ఇలాంటి రెండు దశల పద్ధతే చెప్పింది. నాకు మన పద్ధతే నచ్చింది, మన 23 గీతని వదల్లేదు కాబట్టి.

ఈ కొలతకి మిషన్ అక్కర్లేదు. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడండి. మడమ నుంచి నడినెత్తి దాకా దారం పట్టి తుంచండి. దాన్ని సగానికి మడవండి. ఆ సగం దారాన్ని నడుము చుట్టూ తిప్పాలి. ఎక్కడ తిప్పాలన్నదే కీలకం: ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక. ఫొటోకి నిలబడ్డట్టు పొట్ట లోపలికి లాగకండి. కొసలు కలవకపోతే నడుము మీ ఎత్తులో సగం దాటిందన్నమాట. నడుము ఎత్తులో సగం లోపు ఉంచుకోమని బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2022లో చెప్పింది. ప్యాంటు సైజు చెప్పి సరిపెట్టేవాళ్ళున్నారు. అది కుదరదు. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటూ, మొలతాడూ పొట్ట కిందికి జారిపోతాయి. ఇరవై ఏళ్ళుగా అదే సైజని మురిసిపోవడమే మిగులుతుంది.

కొసలు కలవలేదని నేరుగా సూదికి పోనక్కర్లేదు. బీపీ, పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు), కాలేయం ఎలా ఉన్నాయో ముందు తెలియాలి. అవి బాగుంటే డాక్టర్ చెప్పేది నడకా, తిండీ, నిద్రే. మా వైపు తిండిలో లావెక్కించేది నెయ్యి అనుకుంటారు, రోజంతా తినేది మాత్రం పిండిపదార్థమే. పొద్దున్న బరా (గారె), ఘుగుని (బఠాణీల కూర), మధ్యాహ్నం కొండంత అన్నం మీద గరిటెడు దాల్మా (కూరగాయల పప్పు), సాయంత్రం మూఢీ (మరమరాలు). ఘుగునీ, దాల్మా పెంచి అన్నం తగ్గిస్తే చాలా మారుతుంది. చోడి (రాగి) అంబలి తాగితే సన్నబడతామనే నమ్మకం ఒకటుంది. చోళ్ళలో కాల్షియం, పీచు దండిగా ఉంటాయి, వద్దనను. కేలరీల్లో మాత్రం గుప్పెడు చోళ్ళూ గుప్పెడు బియ్యమూ ఒకటే.

షుగర్, గుండె జబ్బు, కొవ్వు కాలేయం, నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి సూది మంచి మేలు చేయొచ్చు. అయితే రెండు విషయాలు డాక్టర్‌ని గట్టిగా అడగాలి. ఒకటి, ఎన్నాళ్ళు? టిర్జెపటైడ్ మీద జరిగిన సర్మౌంట్-4 పరీక్షలో 36 వారాల్లో 20.9 శాతం తగ్గినవాళ్ళలో కొందరికి తెలియకుండా ఉత్తుత్తి సూదికి మార్చితే, తర్వాతి ఏడాదిలో సగటున 14 శాతం తిరిగి పెరిగారు. ఇది మనసు గట్టిగా లేకపోవడం కాదు. 2011లో ఆస్ట్రేలియాలో పథ్యంతో బరువు తగ్గినవాళ్ళని చూస్తే, ఏడాది గడిచినా ఆకలి హార్మోన్లు పెరిగే ఉన్నాయి. ఒళ్ళు పాత బరువుని వెనక్కి లాక్కుంటుంది. "నోరు కట్టుకోలేవా?" అని రోగుల్ని కసిరే డాక్టర్లు ఆ పరిశోధన ఒకసారి చదివితే బాగుండు. బీపీ మాత్రలాగే ఇదీ ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చు, ఖర్చు ఆ లెక్కన వేసుకోవాలి.

రెండోది కండ. తగ్గిన బరువంతా కొవ్వు కాదు. టిర్జెపటైడ్ పరీక్షలో స్కాన్ తీస్తే తగ్గినదాంట్లో పావు వంతు దాకా కండ, నీరు లాంటి కొవ్వుకాని భాగమే. 105 కిలోల మనిషికి అది పెద్ద నష్టం కాకపోవచ్చు. పుట్టుకతోనే కండ తక్కువున్న మనకి నష్టమే. ఆకలి చచ్చిపోయినప్పుడు తినే కాస్తలోనే గుడ్డు, పప్పు, చేప ఉండాలి, బరువులెత్తే పని ఏదో ఒకటి చేయాలి. వికారం, వాంతులు, మలబద్ధకం మొదట్లో చాలామందికి వస్తాయి, అందుకే డోసు మెల్లగా పెంచుతారు. పిత్తాశయంలో రాళ్ళ ప్రమాదం కొంత పెరుగుతుంది. క్లోమం వాపు అరుదుగా రావచ్చు కాబట్టి విడవని కడుపునొప్పి వస్తే ఆగకూడదు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. నకిలీ సెమాగ్లూటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లోనే హెచ్చరించింది.

మా వైపు ఇంకో చిక్కుంది. ఈ పెన్నుల్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. బయట కొన్ని వారాలు ఓర్చుకుంటాయి, అదీ 30 డిగ్రీలు దాటకపోతేనే. ఏప్రిల్, మే నెలల్లో వైజాగ్ నుంచి జనరల్ బోగీలో సంచిలో పెట్టుకొస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చల్లగా ఉండాలని ఐసుగడ్డలకి ఆనించి తెచ్చేవాళ్ళూ ఉన్నారు. గడ్డకట్టిన మందుని కరిగాక కూడా వాడకూడదు. ఆ లెక్కన కొండ ఊళ్ళకి సూది కంటే మాత్రలే దారి. సెమాగ్లూటైడ్ మాత్రని పరగడుపున కాసిన్ని నీళ్ళతో మింగి అరగంట ఆగాలి. ఆర్ఫోగ్లిప్రాన్ అనే కొత్త మాత్రకి ఆ నియమం కూడా లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన పరీక్షలో ఎక్కువ డోసు తీసుకున్నవాళ్ళు 72 వారాల్లో 11 శాతం పైచిలుకు తగ్గారు. సూది కంటే తక్కువే, కానీ గుణుపురం బస్సులో జేబులో వేసుకుని రావచ్చు.