చింతపండు పెట్టి తోమకండి: ప్యూనిక్ నాణేలపై అపోహలు, వాస్తవాలు

"రాత్రే చింతపండు పెట్టి తోమానండీ, తళతళలాడుతోంది చూడండి!"

పాత నాణేల సంరక్షణ మా పని. ఈ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: చిలుము అంటే మురికి. వదిలిస్తే విలువ పెరుగుతుంది.

పెరగదు, పోతుంది. కార్తేజ్ కంచు నాణేలు చూసే ఉంటారు. కార్తేజ్ అంటే ఉత్తర ఆఫ్రికాలో నేటి ట్యునీషియా తీరాన ఉండిన పాత నగరం, అక్కడివాళ్లనే ప్యూనిక్ ప్రజలంటారు. ఒకవైపు కంకుల దండ పెట్టుకున్న దేవత తల, రెండోవైపు గుర్రం. వాటిలో కొన్నిటికి చిల్లు పెట్టి మెడలో వేసుకున్నారు, వాటితోనే మట్టిలో కలిశారు. ఆ మనిషి గురించి మనకు చెప్పేది ఆ చిల్లే. పై అంచు ఒకచోట నున్నగా అరిగిందంటే ఏళ్ల తరబడి దారం అక్కడ ఒరుసుకుందన్నమాట. అంచు ఇంకా గరుగ్గా ఉంటే ఎక్కువకాలం వేసుకోలేదు. చిల్లు దేవత నడినెత్తిన ఉందా, గుర్రం వీపు పైన ఉందా అన్నదాన్ని బట్టి ఏ బొమ్మ నిటారుగా కనబడాలనుకున్నారో ఊహించవచ్చు. రాగి ఉన్నచోట సూక్ష్మజీవులు బతకడం కష్టం కాబట్టి ఒక్కోసారి దారం పోగులు, బట్ట నేత కూడా 2000 ఏళ్లు దాటినా ఆ చిలుములోనే నిలిచి ఉంటాయి. చింతపండు పులుపుకి అదంతా పోవడానికి పది నిమిషాలు చాలు. దేవుడి గది ఇత్తడి సామాను తోమినట్టు దీన్ని తోమకండి. నిమ్మకాయ, పీతాంబరి, టూత్‌పేస్టు కూడా వద్దు.

లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. లోపల ఉప్పు చేరి, తేమకి లోహాన్ని తినేస్తోందని అర్థం. సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టి నిపుణులకు చూపించండి.

అపోహ: నాణెం కాలమే సమాధి కాలం.

కాదు. ఆ నాణెం ముద్రించాకే పూడ్చారని మాత్రం తెలుస్తుంది. ఇంగ్లండులో ఆంగ్లో-శాక్సన్ స్త్రీల సమాధుల్లో చిల్లు పెట్టిన రోమన్ నాణేలు దొరికాయి. పూడ్చేనాటికే అవి వందల ఏళ్ల పాతవి.

అపోహ: సమాధిలో నాణెం ఉంటే అది పడవవాడి కూలి.

చనిపోయినవాళ్లను నది దాటించే పడవవాడికి కూలి ఇవ్వాలన్నది గ్రీకుల నమ్మకం. పూసలు, తాయెత్తులతో కలిపి దండగా గుచ్చిన నాణేన్ని నగగానో రక్షగానో చూడాలి. మన దక్షిణాదిలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లోనూ కొన్నిటికి చక్రవర్తి తలపైన జంట చిల్లులున్నాయి. కాసులపేరు ఎరిగినవాళ్లకి ఇది వింతేమీ కాదు.

అపోహ: శవం మీది సొమ్ము ఇంట్లో ఉంటే అరిష్టం.

ఈ భయంతో నిద్రపోనివాళ్లను చూశాను, వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. నాణెం వల్ల మీ ఇంటికి ఏమీ కాదు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి చాలు. అయితే అనుమతి లేకుండా పురావస్తువుల్ని అవి దొరికిన దేశాలు దాటించడం నేరం. కాగితాలు లేనిదేదీ కొనకండి.

మొన్న తళతళలాడే నాణెం తెచ్చినావిడ భర్త ఒకప్పుడు లిబియాలో పనిచేశారట. అక్కడి సంతలో కొన్న లాకెట్టు అది. మైక్రోస్కోపు కింద పెడితే దేవత ముఖమంతా ఎర్రరాగి రంగు. చిల్లు లోపల, పులుపు చేరని మూలన మాత్రం రవ్వంత చిలుము మిగిలింది. అందులో మెలివేసిన రెండు పోగులు. ఆవిడ చాలాసేపు చూసి, "ఈ దారం పేనింది ఎవరో కదండీ" అన్నారు.