పిల్లిని చూసుకోవడమంటే గిన్నెలో మేత పోసి రావడమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఊరెళ్లినవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల పిల్లుల్ని చూసుకోవడం నా వృత్తి. ఏ కంపెనీ తరఫునా కాదు, సొంతంగా. సంక్రాంతి, దసరా, ఎండాకాలం సెలవులు వచ్చాయంటే ఊపిరాడదు. కొత్తగా ఫోన్ చేసేవాళ్ల నోట కొన్ని నమ్మకాలు మళ్లీ మళ్లీ వింటుంటాను. వాటిలో కొన్ని పిల్లుల ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: పిల్లికి మనిషి అక్కర్లేదు. మూడు రోజులకు సరిపడా మేత, నీళ్లు పెట్టి తాళం వేసుకెళ్లొచ్చు.

వాస్తవం: మేత అయిపోతుందన్నది కాదు నా భయం. పిల్లి జబ్బును దాచుకుంటుంది. నొప్పి ఉన్నా అరవదు, మూలకెళ్లి ముడుచుకుంటుంది. గుర్రుమంటోంది కాబట్టి హాయిగా ఉందనుకోవడానికీ లేదు, బాధలోనూ అలాగే గుర్రుమంటుంది. అందుకే ఏ ఇంటికెళ్లినా ముందు నేను చూసేది లిట్టర్ ట్రే, అంటే పిల్లి మలమూత్రాలకు ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే తొట్టి. తడి తగిలితే ఉండకట్టే లిట్టర్ అయితే ఎన్నిసార్లు మూత్రం పోసింది, ఎంత పోసిందన్నది తెలిసిపోతుంది. రోజూ పెద్ద ఉండలు రెండు మూడు కనిపించే ట్రేలో ఒకరోజు బఠాణీ గింజంతవి కనిపిస్తే అక్కడే ఆగిపోతాను.

మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నం. మూత్రంలో తయారయ్యే స్ఫటికాలు అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగే ప్రమాదం ఉంది. కొండాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో నారింజ రంగు పోతుపిల్లి ఒకటి నా కళ్లముందే పదేపదే ట్రేలోకి వెళ్లింది. తవ్వడం, వంగి కూర్చోవడం, చుక్క రాకపోవడం, బయటికొచ్చి అక్కడే నాక్కోవడం. చూసినవాళ్లెవరైనా మలబద్ధకం అనుకుంటారు. చెయ్యి పెట్టి చూస్తే పొత్తికడుపు గట్టిగా ఉంది. ఇంటివాళ్లకు ఫోన్ చేసి ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. గొట్టం వేసి మూత్రం తీశారు, బతికింది. ఇంట్లో మూడు రోజుల మేత ఉన్నా, మనిషి లేకపోతే అది దక్కేది కాదు.

తిండి మానేసినా అంతే ప్రమాదం. లావుపాటి పిల్లి కొన్ని రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలో చేరి ప్రాణాంతకమవుతుంది. బెంగతో తిండి మానేసేవి చాలానే ఉంటాయి. అందుకే రోజుకు కనీసం ఒక్కసారైనా వెళ్తాను. కూనలకు, మందులు పడాల్సినవాటికి రెండుసార్లు.

అపోహ: ఈ గొడవంతా ఎందుకు, చుట్టాలింట్లో వదిలేస్తే సరి.

వాస్తవం: కొన్ని సర్దుకుంటాయి. చాలావాటికి మాత్రం కొత్త ఇల్లే పెద్ద కష్టం, తలుపు సందు దొరికితే పారిపోతాయి కూడా. సొంతింట్లో అయితే కొత్త మనిషి ఒక్కరినే భరిస్తే చాలు. మొదటిరోజు మంచం కింద దూరిన పిల్లిని నేను లాగను. నేలమీద కాస్త పక్కకు తిరిగి కూర్చుని, చూపుడువేలు దాని ముక్కు ఎత్తులో చాచి ఉంచుతాను. అది నా వైపు చూసినప్పుడు నెమ్మదిగా కళ్లు మూసి తెరుస్తాను. ఇలా కళ్లార్పితే కొత్తవాళ్ల చేతి దగ్గరికి కూడా పిల్లులు ఎక్కువగా వస్తాయని ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో ప్రచురించారు.

అపోహ: ఎంత ఎత్తు నుంచి పడ్డా నాలుగు కాళ్లమీదే పడుతుంది, ఏమీ కాదు.

వాస్తవం: కాళ్లమీద పడటం వేరు, దెబ్బ తగలకపోవడం వేరు. న్యూయార్క్‌లో భవనాల మీంచి పడిన 132 పిల్లుల గురించి 1987లో ఒక అధ్యయనం వచ్చింది. చికిత్స అందినవాటిలో 90 శాతం బతికాయని చెప్పి చాలామంది ధీమాగా ఉంటారు. కానీ అవి ఆసుపత్రిదాకా వచ్చిన పిల్లులు. కిందే చనిపోయినవి ఆ లెక్కలోకి రావు. బతికినవాటిలోనూ ఛాతీ దెబ్బలు, విరిగిన కాళ్లు, దవడలు ఎన్నో. మన బాల్కనీల్లో పావురాల వల ఉంటే చాలనుకుంటారు. హుక్కు ఊడి అంచు వదులైతే ఆ వల ఉండీ లేనట్టే. వల బాగున్నా సరే, నేను బాల్కనీ తలుపు వేసే బయటికొస్తాను.

అపోహ: పాలు, పెరుగన్నం చాలు.

వాస్తవం: పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పిల్లికి టారిన్ అనే పోషకం తప్పనిసరి, అది మాంసం, చేపల్లో ఉంటుంది. అది కరువైతే గుండె దెబ్బతింటుంది, చూపు పోతుంది. మాంసం వండని ఇళ్లవాళ్లకు పిల్లుల కోసమే తయారైన ప్యాకెట్ మేత వాడమంటాను. ఇంట్లో వండక్కర్లేదు, పిల్లికి లోటూ ఉండదు.

మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పిల్లికి జ్వరమని పారాసెటమాల్ ఇవ్వకండి, ఒక్క మాత్ర చాలు చంపడానికి. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందులూ దానికి విషమే. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీలు (దండల్లో గుచ్చేవి కాదు) ఇంట్లో పెట్టొద్దు. వాటి పుప్పొడి ఒంటిమీద పడి నాకినా కిడ్నీలు పాడవుతాయి.

అపోహ: ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని పంపేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. భయమంతా కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. పిల్లి మలంలో వచ్చే అది మనకు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ట్రేని రోజూ వేరేవాళ్లు శుభ్రం చేస్తే సరిపోతుంది. సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయలతోనూ అది సోకుతుంది, ఆ జాగ్రత్త కూడా కావాలి.

అపోహ: పిల్లులతో ఆడుకుని డబ్బులు తీసుకునే తేలిక పని.

వాస్తవం: ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు ముందు ట్రాఫిక్ లెక్క వేసుకోండి. నేను నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో బ్లూ లైన్‌కు దగ్గరున్న ఇళ్లే ఒప్పుకుంటాను. ఇళ్ల వరుస కూడా ముఖ్యం. పిల్లికూనల ప్రాణాలు తీసే పాన్‌ల్యుకోపీనియా అనే జబ్బు వైరస్ మన బట్టలు, చెప్పుల మీద ఇంటింటికీ పాకుతుంది, నెలల తరబడి బతుకుతుంది. అందుకే టీకాలు పూర్తికాని కూనలున్న ఇంటికి పొద్దున్నే, అన్నిటికంటే ముందు వెళ్తాను. పిల్లి కరిచినా గీరినా సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లి రేబిస్ టీకా సంగతి చూసుకోవాలి.

పిల్లిని అప్పగించేవాళ్లు వారం ముందే ఒకసారి నన్ను ఇంటికి పిలవండి, అది నన్ను చూడాలి. పిల్లిని మోసుకెళ్లే క్యారియర్ పెట్టె అటక మీంచి దింపి చేతికందేలా పెట్టండి. గేటు దగ్గర సెక్యూరిటీకి నా పేరు చెప్పండి. మీ డాక్టర్ నంబర్, మీ ఫోన్ కలవకపోతే చికిత్సకు ఎంతవరకు ఖర్చుపెట్టొచ్చో కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్లండి.