గోడకు నెమ్ము, ఛాతీకి నెమ్ము, దువ్వెన నిండా జుట్టు

నెమ్ము అనే మాటను మనం రెండు చోట్ల వాడతాం. వానాకాలంలో గోడకు పట్టేదీ నెమ్మే, పసిపిల్లల ఛాతీలో చేరేదీ నెమ్మే. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. 2024 చివర్లో మా పిన్ని వాళ్లింట్లో అది కళ్లారా చూశాను.

ఆ ఏడాది సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయింది. పిన్ని వాళ్లింట్లో నడుంలోతు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నీళ్లు తీశాక బురద ఎత్తిపోసి, బ్లీచింగ్ చల్లి, సామానంతా డాబా మీద ఎండేసి, దీపావళికల్లా గోడలకు పుట్టీ పెట్టించి రంగు వేయించారు. ఇల్లు మళ్లీ ఇల్లయిందని అందరం అనుకున్నాం. డిసెంబరులో నేను వెళ్లేసరికి బీరువా పక్క గోడ మీద, నేల నుంచి మోకాలెత్తు దాకా, ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. బీరువా జరిపితే దాని వెనక గోడంతా అదే, మధ్యమధ్య బూడిదరంగు నూగు. గది తలుపు తీస్తే ముక్కిపోయిన బియ్యం వాసన. పిన్నికి సెప్టెంబరులో వచ్చిన జ్వరం ఎప్పుడో తగ్గింది కానీ దగ్గు మాత్రం వదల్లేదు. అయినా ఆవిడ నాకు చూపించింది గోడ కాదు, దువ్వెన.

"చూడవే, పిడికెడు వస్తోంది. తలంటుకుంటే బాత్రూంలో జాలీ మూసుకుపోతోంది. ఈ బోరు నీళ్ల వల్లేనంటావా?"

బోరు నీళ్లు వాళ్లు పదిహేనేళ్లుగా వాడుతున్నవే. దువ్వెనలోంచి ఒక వెంట్రుక తీసి కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాం. చివర్లో నువ్వుగింజలో పావువంతు కూడా లేని తెల్లటి బుడిపె. అది చూసి "కుదుళ్లతో సహా వచ్చేస్తోంది" అని పిన్ని హడలిపోయింది. కానీ అది కుదురు కాదు. కుదురు చర్మంలో పదిలంగా ఉంది. పెరగడం ఆపి విశ్రాంతిలోకి వెళ్లిన వెంట్రుకకు మొదట్లో అలాంటి తెల్ల బుడిపె ఏర్పడుతుంది. దాన్ని చూసి భయపడక్కర్లేదు, అది ధైర్యం చెప్పే గుర్తు.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకకూ దాని లెక్క దానిదే. రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, రెండు మూడు వారాలు ముడుచుకుంటుంది, మూడు నెలలు ఊరికే ఉండి రాలిపోతుంది. అదే కుదురులో కొత్తది మొలుస్తుంది. ఏ రోజు చూసినా నూటికి 85, 90 వెంట్రుకలు పెరిగే దశలోనే ఉంటాయి. మిగతావాటిలోంచి రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. ఒంటికి గట్టి దెబ్బ తగిలినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. తీవ్రమైన జ్వరం, ఆపరేషను, కాన్పు, ఒక్కసారిగా బరువు తగ్గడం, పెద్ద దుఃఖం, వీటిలో ఏదొచ్చినా పెరుగుతున్న వెంట్రుకల్లో చాలావరకు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అవి ఆ రోజే రాలవు. రెండు మూడు నెలలాగి, అన్నీ కట్టగట్టుకుని రాలతాయి. దీనికి 1961లో అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టారు. పేరు తెలియకపోయినా సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. టైఫాయిడ్ తగ్గాక జుట్టు ఊడడం, బాలింతకు మూడో నెలలో జుట్టు రాలడం చూడని ఇల్లుండదు. 2021లో కోవిడ్ రెండో అల తగ్గిన కొన్ని నెలలకు ఎంతమంది జడలు సన్నబడ్డాయో గుర్తు చేసుకోండి.

అంటే డిసెంబరులో పిన్ని దువ్వెనలోకి వచ్చింది సెప్టెంబరు నాటి లెక్క. మేడమీద బిక్కుబిక్కుమంటూ గడిపిన రాత్రులు, సరిగ్గా తినని రోజులు, జ్వరం, ఇవన్నీ మూడు నెలలు ఆలస్యంగా తలకెక్కాయి. ఈ ఆలస్యమే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. జుట్టు రాలిన వారంలో ఏ షాంపూ వాడామో నేరం దాని మీద పడుతుంది. ఒక్కసారి తగిలిన దెబ్బ అయితే ఈ రాలుడు సాధారణంగా ఆరు నెలల్లోపు దానంతటదే ఆగుతుంది. ఆగే సమయానికి మనం ఏ నూనె రాస్తున్నామో పేరు దానికి వస్తుంది. వేలకు వేలు పోసి సీసాలు కొనేవాళ్లను చూస్తే నాకు బాధేసేది ఇందుకే.

మరి బూజు సంగతేమిటి? గోడ మీది బూజు వల్ల జుట్టు ఊడుతుందా?

ఉన్నదున్నట్టు చెప్పాలి. తేమ ఇళ్ల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో కూలంకషంగా పరిశీలించాయి. దగ్గు, పిల్లికూతలు, ముక్కు గొంతు బాధలు, ఆస్తమా ముదరడం, వీటికీ తేమ ఇళ్లకూ సంబంధం ఉందని రెండూ తేల్చాయి. ఆ జాబితాలో జుట్టు రాలడం లేదు. గోడ మీది బూజు తలకెక్కి కుదుళ్లను తింటుందనడానికి ఆధారం లేదు. తలలో వచ్చే తామర కూడా శిలీంధ్రమే గానీ అది వేరే జాతి. మనుషుల నుంచో, పిల్లులూ కుక్కల నుంచో అంటుకుంటుంది. గుండ్రటి మచ్చలు, పొట్టు, విరిగిన వెంట్రుకలు కనిపిస్తాయి. అది కనిపిస్తే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. బూజు ఇంటి నుంచి జుట్టుకు దారి ఉంటే అది చుట్టుదారి. గోడ ముక్కును, ఊపిరిని బాధిస్తుంది. దగ్గు నిద్రను తింటుంది. నిద్రలేమి, పదేపదే వచ్చే జబ్బు, ఇల్లు ఏమవుతుందోనన్న దిగులు కలిసి ఒంటిని కుంగదీస్తాయి. జుట్టు చిట్టచివర్లో వస్తుంది.

నల్ల బూజు అనగానే హడలిపోవడం వెనక ఒక కథ ఉంది. 1993, 94లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో కొందరు పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. నీళ్లు నానిన ఆ ఇళ్లలో స్టాకిబోట్రిస్ అనే నల్ల బూజు కనిపించింది. విషపు బూజు అన్న మాట అప్పటి నుంచి ప్రపంచమంతా పాకింది. 2000లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆ పరిశోధనను మళ్లీ తిరగేసి, బూజే కారణమని రుజువు కాలేదని ప్రకటించింది. విశేషమేమిటంటే, ఆ తర్వాత కొన్నాళ్లకు అదే నగరం నుంచి గట్టి సాక్ష్యం వచ్చింది. ఆస్తమా ఉన్న 62 మంది పిల్లల ఇళ్లను తీసుకుని, సగానికి దగ్గరగా ఇళ్లలో నీళ్ల కారుడు ఆపి, తడిసిన భాగాలు తీసేసి మరమ్మతు చేశారు. మరమ్మతు పూర్తయిన తర్వాతి నెలల్లో, బాగుచేసిన ఇళ్లలోని 29 మందిలో ఒక్కరికే ఆస్తమా తిరగబెట్టింది. బాగుచేయని ఇళ్లలో 33 మందిలో 11 మందికి తిరగబెట్టింది. ఆ పత్రం 2006లో వచ్చింది. మందు మార్చి కాదు, గోడ మార్చి తెచ్చిన ఫలితమది.

ఇల్లు ప్రాణం తీసిన సందర్భమూ ఉంది. ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఫ్లాట్‌లో ఎడతెగని బూజు పీల్చడం వల్ల వచ్చిన శ్వాస జబ్బే కారణమని విచారణలో తేలింది. తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే దాని మీద రంగు వేసుకోమన్నారు. ఇప్పుడు అక్కడ ఆ బాబు పేరుతో చట్టం వచ్చింది. సామాజిక గృహాల్లో, అంటే స్థానిక ప్రభుత్వాలూ గృహ సంస్థలూ తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో, తేమ, బూజు గురించి ఫిర్యాదు వస్తే గడువులోపు సరిచేయాల్సిందే.

రంగు వేసుకోమన్నారు అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. దీపావళికి మేం చేసిందీ అదే కదా.

బూజు సిద్ధబీజాలు, అంటే దాని విత్తనాల్లాంటి కణాలు, ఎప్పుడూ గాలిలో ఉంటాయి. చాలావాటి పరిమాణం మిల్లీమీటరులో వందో వంతు కంటే తక్కువ. వాటిని ఇంట్లోకి రాకుండా ఆపలేం. తిండికీ కొదవలేదు. అట్టపెట్టె, ప్లైవుడ్, వాల్‌పేపర్ జిగురు, చివరికి దుమ్ము అయినా చాలు. వాటికి మన చేతిలో ఉన్న కళ్లెం ఒక్కటే, నీరు. తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే చాలావరకు బూజు పట్టదు. అయితే వరదలో నానిన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ రెండు రోజుల్లో ఎలా ఆరుతుంది? అంగుళం మందానికి సుమారు ఒక నెల అని మోటు లెక్క ఒకటుంది. గాలి ఆడితే త్వరగా, లేకపోతే ఇంకా ఆలస్యంగా. రెండు నెలలకే పుట్టీ, ఎమల్షన్ పూస్తే లోపలి తేమకు దారి మూసినట్టే. పాత ఇళ్లలో సున్నం వేసేవాళ్లు. సున్నం క్షారగుణం బూజుకు గిట్టదు, పైగా గోడలోని తేమను బయటికి పోనిస్తుంది.

మరమ్మతుకు ముందు రెండు పరీక్షలు చేశాం. గోడ మీది తెల్లటి పొడిని నీటి చుక్కలో వేస్తే కరిగిపోయింది. అది ఉప్పు పొంగడం, బూజు కాదు. నల్ల చుక్కలు కరగలేదు. ఆ తర్వాత అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులుంచాం. లోపలివైపు, అంటే గోడకు ఆనిన వైపు, చెమట పట్టింది. నీరు ఇంకా గోడలోనే ఉందన్నమాట. పైవైపు పట్టి ఉంటే తప్పు గది గాలిదయ్యేది, కిటికీలు తీసి ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే సరిపోయేది.

మూడడుగుల ఎత్తు దాకా పుట్టీ గీకించి, గోడను ఇటుక కనిపించేలా వదిలేశాం. గీకే ముందు గోడను కాస్త తడిపించాం, పొడి లేవకుండా. పనివాళ్లకు ఎన్95 మాస్కులు, గ్లవ్స్ ఇచ్చాం. దగ్గుతున్న పిన్నిని ఆ నాలుగు రోజులు మా ఇంటికి తెచ్చుకున్నాం. గట్టి చోట్ల బూజును సబ్బునీళ్లతో రుద్ది కడిగి ఆరబెడితే చాలు. చచ్చిన బూజు కూడా అలర్జీ తెప్పిస్తుంది కాబట్టి మందు కొట్టి చంపి ఊరుకుంటే లాభం లేదు, తుడిచి తీసేయాలి. ఇంకో మాట, ప్రాణాల మీదికొచ్చేది. బ్లీచింగ్‌నూ బాత్రూం కడిగే యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది.

పరుపు దగ్గర మాత్రం పెద్ద పేచీ వచ్చింది. పిన్ని పెళ్లినాటి బూరుగు దూది పరుపు. "ఏకించి మళ్లీ కుట్టిస్తే చాలదా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. బూజు పట్టిన దూదిని ఏకితే సిద్ధబీజాలన్నీ ఏకేవాళ్ల ముక్కులోకి లేస్తాయి. చివరికి ఆ పరుపు వదులుకోక తప్పలేదు.

దగ్గుకు ఛాతీ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మొదట అడిగింది "ఊరెళ్తే తగ్గుతుందా?" అని. నాలుగు రోజులు మా ఇంట్లో ఉన్నప్పుడు దగ్గు సగానికి తగ్గింది. ఇల్లు మారితే తగ్గి, తిరిగొస్తే పెరిగే దగ్గును వైద్యుడికి తప్పకుండా చెప్పాలి. పీల్చిన బూజు లాంటి వాటికి ఊపిరితిత్తులే వాచి, నిర్లక్ష్యం చేస్తే గట్టిపడిపోయే జబ్బు ఒకటుంది. భారతదేశంలో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్న 1,084 మందిని నమోదు చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. వాళ్లలో 47 శాతం మందికి ఉన్నది ఈ రకమే. ఆ రకం రోగుల్లో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ గాలి పీల్చినవాళ్లు.

ఒంట్లో బూజు విషం ఎంతుందో మూత్రపరీక్షతో చెబుతామనే ప్రకటనలు నమ్మకండి. ఆ పరీక్షలు చికిత్సకు పనికొచ్చేవిగా రుజువు కాలేదు. జుట్టు కోసమైతే అడగాల్సిన రక్తపరీక్షలు వేరే ఉన్నాయి. హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు చెప్పే ఫెర్రిటిన్, థైరాయిడ్. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇనుము నిల్వలు అడుగంటిన ఒంటిలో జుట్టు తేరుకోవడం కష్టం. పిన్నికి లోపం అక్కడే తేలింది. మాత్రలు మొదలుపెట్టి, గుడ్డూ పప్పూ పెంచాం. బయోటిన్ బిళ్లలు వాడుతుంటే రక్తపరీక్షకు ముందు వైద్యుడికి చెప్పాలి, అవి థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేయగలవు. "తిరుపతిలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందంటారు" అంది పిన్ని. మొక్కుంటే ఇవ్వొచ్చు. కానీ గుండు వల్ల కుదుళ్ల సంఖ్య పెరగదు. మొద్దుగా తెగిన కొసలు ఒత్తుగా అనిపిస్తాయంతే.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రాలుడు ఆగిన రోజున అద్దంలో ఏమీ మారదు. జడ మునుపటిలా నిండుగా కనిపించాలంటే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. నడుం దాకా రావాలంటే ఏళ్లే. ఉగాదికి వెళ్లినప్పుడు పాపిట పక్కన, కణతల దగ్గర, వేలి కణుపంత కూడా లేని చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నూనె రాసినా అణగడం లేదని పిన్ని విసుక్కుంది. అవన్నీ కొత్తవే.

గోడ ఇంకా ఇటుకగానే ఉంది. బీరువా గోడకు జానెడు దూరంలో నిలబడింది. ఎండలు ముదురుతున్నాయని బాబాయ్ అటక మీంచి కూలర్ దించుతుంటే దాని పక్క తలుపు తీసి చూశాను. వరద నీళ్లు అందని అటక మీదే ఉన్నా, పోయిన వేసవి తడి ఆరకుండానే ఎక్కించిన గడ్డి అడుగున నల్లగా ముద్దకట్టి ఉంది. అదే వాసన. ఆ సాయంత్రమే గడ్డి మార్పించి, తొట్టి సబ్బుతో రుద్ది, రోజంతా ఎండలో బోర్లించాం.