కేసులు ఎక్కువ, వ్యాధి తక్కువ

2021 జులై చివరి వారంలో దేశమంతటా రోజూ నమోదైన కోవిడ్ కేసుల్లో దాదాపు సగం కేరళవే. వ్యాధిని అదుపు చేయడంలో ఆ రాష్ట్రం చతికిలబడిందన్న విమర్శలు జోరుగా సాగుతున్న ఆ రోజుల్లోనే, భారత వైద్య పరిశోధన మండలి జరిపిన నాలుగో సీరో సర్వే (జనం రక్త నమూనాల పరిశీలన)లోని రాష్ట్రాలవారీ లెక్కలు వెలువడ్డాయి. రక్తంలో యాంటీబాడీలు, అంటే వైరస్ సోకిందనడానికి గుర్తుగా మిగిలే రక్షక ప్రోటీన్లు, ఉన్నవారు మధ్యప్రదేశ్‌లో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2 శాతం కాగా కేరళలో 44.4 శాతమే, సర్వే జరిగిన రాష్ట్రాలన్నింటిలోకీ అదే తక్కువ. ఈ యాంటీబాడీల్లో టీకా వల్ల వచ్చినవీ కొన్ని ఉన్నమాట నిజమే. అయితే టీకాల్లో కేరళ వెనుకబడిన రాష్ట్రం కాదు కనుక, ఇంత తేడాకు అది కారణం కాజాలదు.

కేసు అంటే పరీక్షకు దొరికిన ఇన్‌ఫెక్షన్ మాత్రమే. కేరళ సోకినవారిలో ఎక్కువమందిని పట్టుకోగలిగింది; మిగతా చోట్ల అత్యధికులు ఏ పట్టికకూ ఎక్కకుండానే కోలుకున్నారు, కొందరు అలాగే మరణించారు కూడా.

అయినా ఆంక్షలు ఆ అంకెలతోనే ముడిపడ్డాయి. కేరళలో ఏ పంచాయతీలో దుకాణాలు ఎన్నాళ్లు తెరవాలన్నది, చేసిన పరీక్షల్లో పాజిటివ్‌ల శాతాన్ని బట్టి తేల్చేవారు. జ్వరం, దగ్గు ఉన్నవారికే పరీక్షలు చేస్తే ఆ శాతం పెరుగుతుంది, ఏ లక్షణమూ లేనివారిని వరుసలో నిలబెడితే తగ్గుతుంది. ఊళ్లో వ్యాధి మాత్రం ఉన్నంతే ఉంటుంది. 2021 ఆగస్టులో ఆ శాతాన్ని పక్కనపెట్టి, వారం రోజుల కేసులను జనాభాతో పోల్చే పద్ధతి తెచ్చారు. ఇది కొంత నయమే గానీ, పరీక్షలు తగ్గించిన ఊరే ఇందులో ఆరోగ్యంగా కనబడుతుంది.

పరీక్ష సైతం పొరబడుతుంది. 1,000 మందిలో 10 మందికి సోకిందనీ, పరీక్ష సోకినవారిలో 70 శాతాన్ని గుర్తిస్తుందనీ, సోకనివారిలో 1 శాతాన్ని పొరపాటున పాజిటివ్ అంటుందనీ అనుకుందాం. అప్పుడు నిజమైన పాజిటివ్‌లు 7, తప్పుడువి సుమారు 10. సోకినా పరీక్షకు దొరకని మిగతా ముగ్గురు నిశ్చింతగా ఇంటికి వెళతారు.

మనుషులను పరీక్షించకుండా వ్యాధిని కొలిచే ప్రయత్నం హైదరాబాద్‌లో జరిగింది. 2020 ఆగస్టులో సీసీఎంబీ (జీవశాస్త్రం), ఐఐసీటీ (రసాయన సాంకేతికత) పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు లెక్కగట్టి, అంతకుముందు 35 రోజుల్లో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. అప్పటికి తెలంగాణ మొత్తంలో నమోదైన కేసులు సుమారు లక్ష. అయితే నగర మురుగులో అప్పట్లో 40 శాతమే శుద్ధి కేంద్రాలకు చేరేది గనుక, మిగతా భాగాన్ని ఆ శాస్త్రవేత్తలు కూడా ఊహించుకోవలసే వచ్చింది.