ఇష్టమైన రేడియో కార్యక్రమం ఆపేస్తే ఏం చేయాలి? శ్రోతల్లో ఉన్న అపోహలు - వాస్తవాలు

ఏళ్లుగా అదే వేళకు వింటున్న కార్యక్రమం ఒక రోజు రాదు. ఆ సమయానికి ఇంకో స్టేషన్ నుంచి రిలే వస్తుంది, లేదా పాటలు వేస్తారు. ఎందుకు మానేశారో ప్రకటించరు. కోపం వచ్చిన శ్రోతలు ఫోన్లు చేస్తారు, వాట్సాప్ గ్రూపుల్లో రాస్తారు, సంతకాలు పెట్టిస్తారు. ఇందులో చాలా శ్రమ నిర్ణయం తీసుకునేవాళ్ల దాకా చేరకుండానే వృథా అవుతుంది. పత్రికకు చందాదారుల లెక్క ఉంటుంది, సినిమాకు టికెట్ల లెక్క ఉంటుంది. రేడియో వినేవాళ్లు మాత్రం ఎవరికీ కనిపించరు. మన శ్రవణాన్ని కాగితం మీద కనిపించేలా చేయడమే రేడియో శ్రోతల నిరసన. కింద చెప్పే ప్రతి విషయానికీ ఇదే మూలం.

అపోహ: వినేవాళ్లు తగ్గారు కాబట్టే ఆపేశారు.

వాస్తవం: ఎంతమంది వింటున్నారో చాలాసార్లు స్టేషన్‌కే కచ్చితంగా తెలియదు. ప్రకటనదారుల కోసం, శ్రోతలు తాము విన్నది డైరీలో రాసి ఇచ్చే పద్ధతిలో నడిచిన లెక్కలు ప్రధానంగా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు చుట్టూనే తిరిగాయి. పొలం గట్టు మీది ట్రాన్సిస్టర్, మగ్గం పక్కన మోగే సెట్టు ఆ లెక్కలోకి రావు. ఆకాశవాణికి సొంతంగా శ్రోతల పరిశోధన విభాగం ఉంది, సర్వేలూ చేస్తుంది. అయితే ప్రతి కార్యక్రమానికీ వారం వారం అంకె ఇచ్చే ఏర్పాటు కాదది.

కార్యక్రమాలు ఆగేది ఎక్కువగా వేరే కారణాల వల్ల. దాన్ని చూసుకునే ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్ రిటైరై ఆ పోస్టు ఖాళీగా ఉండొచ్చు. స్థానిక ప్రసార వేళలు తగ్గించి వేరే స్టేషన్ కార్యక్రమాన్ని రిలే చేస్తుండొచ్చు. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఆపేసి ఉండొచ్చు. స్పాన్సర్ ఒప్పందం ముగిసి ఉండొచ్చు. ఖర్చు తగ్గించుకోమని పైనుంచి ఆదేశం వచ్చి ఉండొచ్చు. 2018 డిసెంబరులో, ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి సంస్థ దాని నేషనల్ చానల్‌ను ఆపాలని, హైదరాబాదుతో సహా 5 నగరాల్లోని ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసేయాలని నిర్ణయించినప్పుడు చెప్పిన కారణం ఖర్చే.

ఏ కారణమో తేలకుండా ఉత్తరం రాస్తే అది తప్పు బల్ల మీదికి పోతుంది. అందుకే మొదటి మూడు రోజులు ఎవరికీ ఏమీ రాయకండి, కేవలం వినండి. కార్యక్రమం వేళకు పావుగంట ముందు సెట్టు పెట్టి, అయిపోవాల్సిన వేళ దాటాక ఇంకో పావుగంట దాకా వినండి. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, వినిపించినదేమిటి, ఏ స్టేషన్ పేరు చెప్పారు అన్నవి నోట్ చేసుకోండి. మన స్టేషన్ పేరు చెప్పి వేరే కార్యక్రమం వేస్తే అది షెడ్యూలు మార్పు. వేరే స్టేషన్ పేరు వినిపిస్తే రిలే. ఆ ఫ్రీక్వెన్సీలో గరగర తప్ప ఏమీ లేకపోతే ట్రాన్స్‌మిటర్ సంగతి.

ఈ మూడోదాన్ని తేల్చేముందు మీ సెట్టును కూడా చూసుకోండి. హైదరాబాదు 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ వంటి మీడియం వేవ్ స్టేషన్లను ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు పాడుచేస్తాయి. వాటిని ఆపి, సెట్టును ఆరుబయటికి తెచ్చి, నెమ్మదిగా గుండ్రంగా తిప్పి చూడండి. లోపల ఉండే ఫెర్రైట్ కడ్డీ యాంటెనా ఒక దిక్కు నుంచి బాగా అందుకుంటుంది, ఇంకో దిక్కు నుంచి దాదాపు అందుకోదు. ఇంటి చార్జర్ వల్ల వచ్చిన గరగరను ‘ప్రసారం ఆపేశారు’ అని రాసి పంపితే, తర్వాత మీరు పంపే సరైన ఫిర్యాదుకూ విలువ ఉండదు.

అపోహ: వేలమంది సంతకాలతో ఆన్‌లైన్ పిటిషన్ పెడితే దిగొస్తారు.

వాస్తవం: ఒకే మాటల కింద వెయ్యి పేర్లున్నా కార్యాలయంలో అది ఒక కాగితమే. ఒకే నమూనాను అందరూ కాపీ చేసి పంపినా అంతే. నలభై మంది సొంత మాటల్లో రాసిన నలభై ఉత్తరాలకు వాటికంటే బరువెక్కువ. ఎందుకంటే ఒక్కో ఉత్తరం విడిగా నమోదవుతుంది, ఒక్కోదానికి విడిగా సమాధానం చెప్పాల్సి వస్తుంది.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మొదటి వాక్యంలోనే కార్యక్రమం పేరు, ఫ్రీక్వెన్సీ, అది వచ్చే రోజు, వేళ ఉండాలి. తర్వాత మీ ఊరు, మండలం, జిల్లా, పిన్ కోడ్ రాయండి. ఇవి లేకపోతే ప్రసారం ఎంత దూరం అందుతోందో వాళ్లకు తెలియదు. ఏ సెట్టు మీద వింటారో రాయండి: ట్రాన్సిస్టరా, బండిలోనా, కీప్యాడ్ ఫోన్‌లోనా. ఎన్నేళ్లుగా వింటున్నారో, చివరిసారి ఎప్పుడు విన్నారో రాయండి.

అసలు బలమంతా ఆ తర్వాతి పేరాలో ఉంది. ‘చాలా మంచి కార్యక్రమం’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్క ప్రసారం గురించి చెప్పండి. వరిలో సుడిదోమ గురించి ఫలానా వారం చెప్పింది విని మందు కొట్టడం వారం వాయిదా వేశారా? చూపు లేని పెద్దమ్మకు ఆ అరగంటే రోజుకు ఒక తోడా? మగ్గం మీద రెండు చేతులూ, రెండు కాళ్లూ పనిలో ఉంటే చెవి మాత్రమే ఖాళీగా ఉంటుందా? అది రాయండి. ఫైలు మీద సంతకం పెట్టే మనిషి పైఅధికారికి చూపించగలిగేది ఇలాంటి వాక్యమే.

చివర్లో ఒకే ఒక్క కోరిక ఉండాలి. రోజూ అరగంట అంటే వారానికి 210 నిమిషాలు. మనుషులు లేని స్టేషన్ దాన్ని నడపలేకపోవచ్చు. అందుకే మెట్లు చూపించండి: రోజూ కుదరకపోతే వారానికి రెండు రోజులు, అదీ కుదరకపోతే ఆదివారం ఒక్క అరగంట, లేదా పాత రికార్డింగుల పునఃప్రసారం. ‘ఉంచుతారా, లేదా?’ అని అడిగితే ‘లేదు’ అనడం సులువు.

ఉత్తరం చెడిపోయేది ఎక్కడంటే, మధ్యలో కులం, పార్టీ, ఫలానా అధికారి కుట్ర అంటూ దారి తప్పినప్పుడు. ఇంకోటి, ‘ఫలానా అనౌన్సర్‌నే మళ్లీ పెట్టండి’ అని పట్టుబట్టడం. చాలామంది డ్యూటీకి ఇంత అని తీసుకునే క్యాజువల్ అనౌన్సర్లు. వాళ్లే శ్రోతలను ఉసిగొల్పారన్న అనుమానం వస్తే ఉన్న డ్యూటీలూ పోతాయి. గొంతును మెచ్చుకోండి, డిమాండ్ మాత్రం కార్యక్రమం గురించే చేయండి.

అపోహ: స్టూడియోకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే వెంటనే పని జరుగుతుంది.

వాస్తవం: ఫోన్ ఎత్తేది డ్యూటీ రూమ్‌లో ఉన్న మనిషి. ప్రసారం సాఫీగా సాగేలా చూడటం ఆయన పని. ఆ రోజు ఏ వేళకు ఏది వేయాలో రాసి ఉండే క్యూ షీట్‌లో ఉన్నది ప్రసారమవుతుంది, దాన్ని మార్చే అధికారం ఆయనకు లేదు. ప్రసార వేళలో ఫోన్ చేస్తే పని చెడుతుంది, మీ మాట ఎక్కడా నమోదు కాదు.

స్టేషన్ సొంతంగా తయారుచేసే కార్యక్రమమైతే ఆ స్టేషన్ ప్రోగ్రామ్ అధిపతికి రాయాలి. రిలే విధానం, ట్రాన్స్‌మిటర్, పోస్టుల భర్తీ లాంటివైతే ఢిల్లీలోని ఆకాశవాణి డైరెక్టరేట్‌కు రాసి, స్టేషన్‌కు ప్రతి పంపాలి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెడితే నమోదు సంఖ్య వస్తుంది, పరిష్కారానికి ప్రస్తుత గడువు 21 రోజులు. ఆ సంఖ్యను తర్వాతి ఉత్తరాలన్నిటిలో రాయండి.

వేళ కూడా ముఖ్యం. ఆకాశవాణి షెడ్యూళ్లు మూడేసి నెలలకు తయారవుతాయి: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు. ఏ రోజు ఏ వేళకు ఏది అన్నది ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్‌లో ఉంటుంది. మధ్యలో దాన్ని కదిలించడం కష్టం. ఫిబ్రవరి మొదట్లో ఆగిన కార్యక్రమం గురించి మార్చి చివర రాస్తే ఏప్రిల్ చార్ట్ అప్పటికే సిద్ధమై ఉంటుంది. ఆగిన రెండు వారాల్లోపు మొదటి ఉత్తరాలు చేరాలి.

అపోహ: ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు వేస్తే కార్యక్రమం తిరిగి వస్తుంది.

వాస్తవం: ఆర్టీఐ కాగితం ఇస్తుంది, కార్యక్రమాన్ని ఇవ్వదు. ఆ కాగితం లేకుండా మాత్రం వాదన నిలబడదు. ‘ఎందుకు ఆపారు?’ అని అడిగితే ‘వివరణ ఇవ్వడం సమాచారం కిందికి రాదు’ అని తిప్పి పంపవచ్చు. రికార్డు అడగాలి. ఆపడానికి ముందు త్రైమాసికం, తర్వాతి త్రైమాసికం ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్‌ల నకళ్లు. ఆపమన్న ఉత్తర్వు, ఆ ఫైలులో అధికారులు రాసిన నోటింగులు. ప్రోగ్రామ్ విభాగంలో మంజూరైన పోస్టులు, ఖాళీలు. గత ఏడాది ఈ కార్యక్రమానికి వచ్చిన ఉత్తరాల నమోదు. ఈ నాలుగూ చాలు.

రుసుము 10 రూపాయలు, పోస్టల్ ఆర్డర్ ద్వారా లేదా కేంద్రం ఆర్టీఐ పోర్టల్‌లో. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. కేంద్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు మామూలుగా 500 పదాలకు మించకూడదు. జవాబుకు 30 రోజులు. రాకపోయినా, తృప్తిగా లేకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

అపోహ: ప్రైవేటు ఎఫ్‌ఎం అయితే మనం చేసేదేమీ లేదు.

వాస్తవం: ఆర్టీఐ నేరుగా వర్తించదు, అంతే. అక్కడ స్టేషన్ వినేది ప్రకటన ఇచ్చేవాళ్ల మాట. ఆ వేళలో ఏ దుకాణాల, ఏ కంపెనీల ప్రకటనలు వచ్చేవో వారం రోజులు రాసుకుని, ‘మీ ప్రకటన మేము విన్నది ఈ కార్యక్రమంలోనే’ అని వాళ్లకు రాయండి. ఒక ప్రాంతం కోసం స్థానికులతో కలిసి నడిచే కమ్యూనిటీ రేడియో అయితే దారి ఇంకా దగ్గర. 100 వాట్ల ప్రసారం 10-15 కిలోమీటర్లు అందుతుంది, కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారుకావాలన్నది నిబంధన. సంగారెడ్డి జిల్లా మాచునూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియో లాంటి చోట నిరసన కంటే ముందు, వెళ్లి కూర్చుని మాట్లాడటం సరైన పని.

అపోహ: అందరం వినడం మానేస్తే బుద్ధి వస్తుంది.

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. దీనికి ఆధారంగా చెప్పే చరిత్ర నిజమే. 1952లో బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. శ్రోతలు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కు మళ్లారు. చివరికి 1957 అక్టోబరు 3న సినిమా పాటలు వేసే ఆకాశవాణి సేవ వివిధభారతి మొదలైంది. కానీ దానికి అయిదేళ్లు పట్టింది, పైగా వెళ్లడానికి సిలోన్ అనే ఇంకో చోటు ఉంది. జనం ఎటు పోతున్నారో దేశమంతా చూసింది. ఈరోజు మీ ఊరి స్థానిక కార్యక్రమాన్ని మీరు వినడం మానేస్తే అది ఏ లెక్కలోనూ కనిపించదు. ఎవరూ అడగలేదన్న మాటకే అది సాక్ష్యమవుతుంది.

లెక్క ఉన్నచోట నిరసన ఎలా పనిచేస్తుందో బ్రిటన్‌లో చూడొచ్చు. 2010 మార్చిలో బీబీసీ తన 6 మ్యూజిక్, ఏషియన్ నెట్‌వర్క్ స్టేషన్లను మూసేయాలని ప్రతిపాదించింది. అక్కడ రేడియో శ్రోతల లెక్క మూడు నెలలకోసారి వస్తుంది. 6 మ్యూజిక్‌కు 2009 చివర్లో వారానికి సుమారు 7 లక్షల శ్రోతలుండగా, 2010 మొదటి త్రైమాసికంలో ఆ సంఖ్య 10 లక్షలు దాటింది. జూలైలో, అప్పట్లో బీబీసీని పర్యవేక్షించిన బీబీసీ ట్రస్ట్ 6 మ్యూజిక్ మూసివేతకు ఒప్పుకోలేదు. శ్రోతలు దూరం జరగలేదు, ఇంకా దగ్గరికొచ్చి విన్నారు, ట్రస్ట్ ప్రజల అభిప్రాయం అడిగినప్పుడు రాశారు. మనకు ఆ లెక్క లేదు కాబట్టి ఉత్తరాలతోనే ఆ లోటు పూడ్చుకోవాలి.

అపోహ: పాత ప్రసారాలన్నీ స్టేషన్‌లో భద్రంగా ఉంటాయి.

వాస్తవం: స్పూల్ టేపు ఖరీదైన రోజుల్లో ఒకదాన్నే చెరిపి మళ్లీ మళ్లీ వాడటం రేడియోలో మామూలు. కొన్ని ప్రసారాలు శ్రోతల ఇళ్లలోని క్యాసెట్లలోనే మిగిలాయి. పునఃప్రసారం అడిగేటప్పుడు అవే పెద్ద ఆసరా. ముందు క్యాసెట్ పైఅంచున ఉన్న రెండు ప్లాస్టిక్ ట్యాబులూ విరిచేయండి, పొరపాటున చెరిగిపోదు. చాలాకాలంగా వాడనిదైతే చివరిదాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పాకే ప్లే చేయండి. టేప్‌రికార్డర్ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. కంప్యూటర్‌లోకి 24 బిట్, కనీసం 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్కించండి, ఎంపీ3గా కాదు. గరగర తీసేసే ఫిల్టర్లు అసలు ఫైలు మీద వాడొద్దు, నకలు మీద వాడండి. ఫైలు పేరులో తేదీ, స్టేషన్, కార్యక్రమం ఉండాలి. ప్రసారం మీద స్టేషన్‌కు 25 ఏళ్ల హక్కు ఉంటుంది, రచయితల, కళాకారుల హక్కులు వేరే. అందుకని యూట్యూబ్‌లో పెట్టకుండా, జాబితా రాసి స్టేషన్‌కే ఇవ్వజూపండి.

అపోహ: ఒకసారి తిరిగి వచ్చిందంటే గెలిచినట్టే.

వాస్తవం: 2011 జనవరిలో బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపుతామన్నప్పుడు భారత్‌లోనూ, బ్రిటన్‌లోనూ గట్టి నిరసన వచ్చింది, సాయంత్రం ప్రసారం మిగిలింది. 2020 జనవరి 31న అదీ ఆగింది. కాబట్టి కార్యక్రమం తిరిగి వచ్చిన రోజు నుంచే ప్రతి మూడు నెలలకూ చూసుకోవాల్సినవి ఉన్నాయి: వేళ మారిందా, అరగంట పావుగంట అయిందా, కొత్తవి ఎన్ని, పునఃప్రసారాలు ఎన్ని. నెలకు అయిదారుగురు శ్రోతలు వంతులవారీగా ఒక్కో పోస్టుకార్డు రాసినా చాలు, విన్న తేదీ, అందులో నచ్చిన ఒక్క విషయం ఉంటే సరిపోతుంది. ఆ కార్డుల ఫొటోలు తీసి తేదీలవారీగా దాచుకోండి, మళ్లీ అవసరం పడినప్పుడు చూపించడానికి మీ దగ్గరుండే రికార్డు అదే.