మోడల్ పాసైంది, మరి బిల్డింగ్?

"మోడల్ రన్ చేశాం, మెంబర్లన్నీ పాసయ్యాయి." స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసుల్లో రోజూ వినబడే మాట ఇది. భవనం కంప్యూటర్ మోడల్‌లో బీమ్‌లు, స్తంభాలు (మెంబర్లంటే ఇవే) బరువులకు తట్టుకుంటాయని తేలిందని అర్థం. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఫ్రేమ్‌లో వందల కొద్దీ సమీకరణాలను సాఫ్ట్‌వేర్ క్షణాల్లో తేల్చేస్తుంది. అలాంటప్పుడు మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ (ఫ్రేమ్‌ను వంచే బలాలను మెంబర్ల మధ్య పంచే పాత పద్ధతి) టేబుళ్లు ఇంకా చేత్తో ఎందుకు వెయ్యాలని బీటెక్ సివిల్ పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అసలు ఆ టేబుల్ పుట్టిందే లెక్కల చాకిరీ తగ్గించడానికి. అయితే స్ట్రక్చరల్ అనాలిసిస్ చరిత్ర మొత్తం చాకిరీ తగ్గించుకున్న కథే అనుకుంటే సగమే చదివినట్టు.

గోడలో బిగించిన దూలం చివర బరువు వేలాడదీస్తే ఎంత బరువుకు విరుగుతుంది? 1638లో లైడెన్‌లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో దీన్ని లెక్కకట్టాడు. దూలం వెడల్పు రెట్టింపైతే బలం రెట్టింపు, లోతు (నిలువు మందం) రెట్టింపైతే నాలుగు రెట్లు అని సరిగ్గానే పట్టుకున్నాడు. (చెక్కను పడుకోబెట్టకుండా నిలబెట్టి వాడాలని వడ్రంగులకు అంతకుముందే తెలుసు. ఎందుకో చెప్పినవాడు ఈయన.) కానీ దూలం కింది అంచు మీద తిరుగుతుందని, దాని అడ్డుకోత మొత్తం ఒకేలా లాగుడుకు లోనవుతుందని అనుకున్నాడు. నిజానికి పైభాగం సాగుతుంది, కింది భాగం నలుగుతుంది, మధ్యలో సాగుడూ నలుగుడూ లేని పొర ఒకటుంటుంది. దాంతో ఆయన లెక్కలో దూలం బలం మూడు రెట్లు ఎక్కువ తేలింది. గణితంలో ఎక్కడా పొరపాటు లేదు, పోయింది అసంప్షన్ దగ్గర.

అది సర్దుకోవడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. బలానికి తగ్గట్టే సాగుడు ఉంటుందని హుక్ 1678లో ప్రకటించాడు. సన్నని నిలువు కడ్డీ నలిగిపోకముందే పక్కకు వంగిపోతుందని, పొడవు రెట్టింపైతే అది మోయగలిగేది నాలుగో వంతుకు పడిపోతుందని ఆయిలర్ 1744లో చూపించాడు. ఈ నాలుగో వంతు గుర్తుంచుకోండి, ముందు దీంతో పనుంది. 1826లో నావియర్ ప్యారిస్ పాఠాలు అచ్చయ్యేసరికి బీమ్ సిద్ధాంతం ఇవాళ మనం చదివే రూపానికి వచ్చేసింది.

అప్పటినుంచి ఏ పద్ధతి వచ్చినా దాని వెనక ఉన్నవి మూడే సూత్రాలు. బలాలన్నీ సరితూగాలి. వంగినా సాగినా ముక్కలు ఒకదాన్నొకటి వదలకూడదు. ఎంత బలానికి ఎంత సాగుతుందో ఆ పదార్థపు గుణం తెలియాలి. రెండు సపోర్టుల మీద ఉన్న మామూలు బీమ్‌లో రియాక్షన్లు (ఒక్కో సపోర్ట్ మోసే బలం) తేల్చడానికి మొదటిదొక్కటే చాలు. చిక్కంతా మూడో సపోర్ట్ పెట్టినప్పుడు వస్తుంది. రెండు సమాన స్పాన్ల (సపోర్టుల మధ్య దూరాల) బీమ్ మీద ఒకేలా పరిచిన లోడ్‌లో మధ్య సపోర్ట్ 62.5 శాతం మోస్తుంది, చివరివి చెరో 18.75 శాతం. సగం మధ్యదానికి, పావు పావు చివరివాటికి అని సరిపెట్టేవాళ్లను ఈ అంకె ఆపుతుంది. పైగా ఇది మూడు సపోర్టులూ కదలకుండా ఉన్నప్పటి మాట. మధ్యది కాస్త కుంగితే దాని వాటా తగ్గి చివరివాటి మీద పడుతుంది. తగినంత కుంగితే అది మోసేది సున్నా. పునాది కింద మట్టి ఎంత కుంగుతుందో పైనున్న బీమ్ లెక్కలోకి వచ్చేసిందన్నమాట.

కాంక్రీట్ భవనాల్లో జాయింట్లన్నీ కలిపి పోస్తారు కాబట్టి ప్రతి ఫ్రేమూ ఈ కోవలోదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంజనీర్లు పదీ ఇరవై సమీకరణాలు ఒకేసారి సాధించలేక సతమతమయ్యారు. 1930లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ హార్డీ క్రాస్ పది పేజీల వ్యాసం రాశాడు. మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ అక్కడ పుట్టిందే. జాయింట్లన్నీ తిరగకుండా బిగించినట్టు అనుకుని, ఒక్కొక్కటే వదులుతూ, తేడాను పక్క మెంబర్లకు పంచుతూ పోతే కూడికలు, గుణకారాలతోనే జవాబు వచ్చేస్తుంది. ఆ పది పేజీల మీద సాగిన చర్చ వంద పేజీలు దాటింది! నా మటుకు దీని అసలు గొప్పతనం వేగంలో లేదు. టేబుల్ వేస్తున్నవాడికి ఏ జాయింట్‌లో కదలిక ఎటు పాకుతోందో కళ్లముందు కనిపిస్తుంది.

తర్వాతి మలుపు విమానాల నుంచి వచ్చింది. బోయింగ్‌లో రెక్కల బిగువు లెక్కించడానికి నిర్మాణాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసే పద్ధతిని టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ 1956లో ప్రచురించారు. 1960లో క్లఫ్ దానికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టాడు. ఇక సమీకరణాలు ఎన్నున్నా కంప్యూటర్ చూసుకుంటుంది.

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1975లో తెరిచిన స్టేడియం పైకప్పును అలాగే కంప్యూటర్‌తో అనలైజ్ చేశారు. 300 అడుగుల వెడల్పు, 360 అడుగుల పొడవున్న స్టీల్ స్పేస్ ఫ్రేమ్ (కడ్డీలను అన్ని దిక్కులా అల్లిన చట్రం) అది. కట్టేటప్పుడే లెక్క చెప్పినదానికి రెట్టింపు కిందికి వంగింది. ఆ మాత్రం తేడా మామూలేనన్నారు. 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకు కప్పు మొత్తం కూలింది. కొద్ది గంటల ముందే అక్కడ వేల మంది బాస్కెట్‌బాల్ చూసి ఇళ్లకు వెళ్లారు. పై కడ్డీలకు మధ్యలో ఆనింపు ఉందని మోడల్ నమ్మింది, అంచుల్లో కొన్నిటికి ఆ ఆనింపు పనిచెయ్యలేదు. 15 అడుగులనుకున్న కడ్డీ 30 అడుగులదైంది. అంటే ఆయిలర్ చెప్పిన నాలుగో వంతు. కప్పు సొంత బరువును కూడా తక్కువ లెక్కించారని విచారణలో తేలింది.

1991 ఆగస్టు 23న నార్వే తీరంలో స్లైప్నర్ అనే చమురు ప్లాట్‌ఫారం కాంక్రీట్ దిమ్మె పరీక్ష కోసం నీళ్లలోకి దించుతుండగా మునిగిపోయింది. ఆ దిమ్మె లోపలి బోలు గదులు మూడేసి కలిసే మూలల్లో మోడల్ ముక్కలను సరిగ్గా కొయ్యకపోవడంతో షియర్ (గోడను అడ్డంగా కోసే బలం) 47 శాతం తక్కువ వచ్చింది. ఆ అంకెను బట్టే గోడలూ పలుచనయ్యాయి. తర్వాత చేత్తో వేసిన మామూలు లెక్క ప్రకారం 62 మీటర్ల లోతు దగ్గర పగలాలి, నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. మళ్లీ కట్టేటప్పుడు కొత్త కంప్యూటర్ ఫలితాల కోసం ఆగకుండా ఇంజనీర్లు పాత చేతి పద్ధతులతోనే డిజైన్ పూర్తిచేశారు. బీటెక్ పిల్లల ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

మన దగ్గరికొస్తే ఇదే కథ ఇటుక గోడతో నడిచింది. మామూలు ఆఫీసు మోడల్‌లో గోడ అంటే బీమ్ మీద పడే బరువు, అంతే. కానీ భూకంపంలో ఫ్రేమ్ పక్కకు ఊగితే గోడ అడ్డుకుంటుంది, ఏటవాలు కర్రలా పనిచేస్తుంది. పై అంతస్తులన్నీ గోడలతో బిగువుగా ఉండి, కింద పార్కింగ్ కోసం వట్టి స్తంభాలే మిగిలితే ఊపంతా ఆ ఒక్క అంతస్తులోనే పడుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్ట్‌మెంట్లు కూలాయి. మరుసటి ఏడాది సవరించిన ఐఎస్ 1893 కోడ్ (భూకంపాలకు తట్టుకునే డిజైన్‌కు మన దేశ ప్రమాణం) అలాంటి అంతస్తులోని స్తంభాలను, బీమ్‌లను మామూలు ఫ్రేమ్ లెక్కలో వచ్చిన భూకంప బలాలకు రెండున్నర రెట్లకు డిజైన్ చెయ్యాలంది, లేదంటే షియర్ వాల్స్ (పక్క ఊపును ఆపే కాంక్రీట్ గోడలు) పెట్టాలంది. 2016 సవరణలో గోడను ఏటవాలు కర్రగా మోడల్‌లో చూపే పద్ధతి వచ్చింది.

2016 నాటి ఆ కోడ్ మ్యాప్‌లో హైదరాబాద్‌ను రెండో జోన్‌లో, విజయవాడను మూడో జోన్‌లో చూపారు (అంకె పెరిగేకొద్దీ భూకంప ముప్పు ఎక్కువ). రెండు ఊళ్లలోనూ స్టిల్ట్ పార్కింగ్ మీద లేచిన అపార్ట్‌మెంట్లే ఎక్కడ చూసినా. 2002కు ముందు కట్టినవాటిని డిజైన్ చేసేనాటికి రెండున్నర రెట్ల నిబంధనే లేదు. వాటిని గట్టిపరచాలంటే స్తంభాలకు జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీట్, స్టీల్ తొడుగు) చెయ్యడమో, పార్కింగ్‌లో రెండు దిక్కులా కొన్నిచోట్ల ఆర్‌సీసీ గోడలు పొయ్యడమో దారి. ఏది చెయ్యాలన్నా ముందు ఇటుక గోడల్ని కూడా కలుపుకుని కొత్తగా మోడల్ వేయించాలి.